కట్టేశాను అన్న మాట

పన్నెండేళ్లుగా ఒక్క మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు ఈ పరాయి దేశంలో, రిక్కార్టన్ అనే పేటలో ఒక పాత చెక్క ఇంట్లో గది తీసుకుని ఉండేవాణ్ణి. ఇంటివాళ్లు ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్లు, డెబ్బై దాటిన దంపతులు. ఆంటీకి వాళ్ల నాయనమ్మ తెలుగు నేర్పిందట. వంటింటికీ పూజకూ సరిపడా తెలుగు. నాతో మాట్లాడాలని ఒక్కో మాటా వెతికి తెచ్చేది. నేను తప్పులు దిద్దేవాణ్ణి. దిద్దడం నాకు ఇష్టం. చదువు మధ్యలో ఆపేసి గిడ్డంగిలో పనికి కుదిరినవాణ్ణి. లైబ్రరీలో కూర్చుని సొంతంగా చదువుకున్నదే నా డిగ్రీ అనుకునేవాణ్ణి.

ఆ చలికాలం ఇంటి అటకలో చలి ఆపడానికి పరిచిన పాత ఇన్సులేషన్ పీచు పొడిపొడిగా రాలుతోంది. తీసేసి కొత్తది నేనే పరుస్తానన్నాను. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ వరండా అలమరలో ఉంది. దుమ్మూ పీచూ అందులో పడకూడదని పుస్తకంలో చదివాను. శనివారం బాయిలర్ ఆపి, దానిమీద ప్లాస్టిక్ కప్పి, అలమరకున్న గాలి రంధ్రాలన్నిటికీ టేపు వేశాను. వేసి, దుమ్ము గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను.

“మా లైబ్రరీ మాస్టరు పుస్తకం చూడకుండా చాయ్ కూడా కాయడు,” అని అంకుల్ నవ్వాడు.

సగం పని మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం నేను లైబ్రరీలో ఉండగా ఆంటీ ఫోన్ చేసింది.

“బాబూ, చలి చాలా ఉంది. అంకుల్ వణుకుతా ఉన్నాడు. బాయిలర్ చాలూ చేసేదా?”

“వేసుకోండి ఆంటీ, ఏం కాదు.”

“ప్లాస్టిక్ ఉంది కదా?”

“మంటకు తగలదు లెండి. నేను చదివాను.”

టేపు సంగతి మర్చిపోయి అన్నానా? లేదు. గుర్తుంది. పక్క బల్ల దగ్గరి మనిషి నా గుసగుసలకు తలెత్తి చూస్తున్నాడు, ఫోన్ త్వరగా పెట్టేయాలి, అంతే. చదివానని అన్నాను గానీ చదివింది ఎలా కప్పాలో చెప్పిన పేజీ వరకే. కప్పు తీయకుండా, రంధ్రాలు తెరవకుండా వెలిగిస్తే మంటకు గాలి చాలక, వాసన కూడా లేని విషవాయువు పుడుతుందని తర్వాతి పేజీలో ఉంది. సోమవారం, అదే బల్ల దగ్గర, ఆ పేజీ తిప్పాను.

అప్పటికి అంకుల్ లేడు. అలమర పక్క గదిలో భోజనం చేసి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. వంటింటి గుమ్మంలో పడివున్న ఆంటీని పక్కింటివాళ్లు చూశారు. ఆమె బతికింది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె జ్ఞాపకంలోంచి పూర్తిగా చెరిగిపోయింది.

ఆమెకు గుర్తు లేదని తెలిశాకే నాకు ధైర్యం వచ్చింది. ఇది రాయడం కష్టంగా ఉంది. కానీ అదే నిజం.

రోటోటూనా అనే వేరే ఊరి నుంచి వచ్చిన వాళ్ల కూతురు, అమ్మ ఫోన్లో నా నంబరు చూసి, అమ్మకు ఏం చెప్పావని ఆసుపత్రిలో అందరి ముందూ అడిగింది. ‘బాయిలర్ కట్టేశాను’ అని చెప్పానన్నాను. మా గుంటూరు వైపు కట్టేయడమంటే ఆపేయడం. లైటు కట్టేస్తాం, మోటారు కట్టేస్తాం. ఆంటీ తెలుగులో కట్టడమంటే మూట కట్టడం, ఇల్లు కట్టడం. పని ముగించి అంతా సర్దేశానని, ఇక వెలిగించుకోవచ్చని అనుకుని ఉంటుంది, పాపం. ఎంత చక్కగా వివరించానో! తడబడలేదు కూడా. విచారణకు వచ్చిన అధికారి తలూపి రాసుకున్నాడు.

మంచం మీంచి ఆంటీ అంతా వింది.

“నా తెలుగు ఖరాబు బాబూ,” అంది. “నువ్వు చెప్తానే ఉన్నావు.”

అదే ఆమె నాతో మాట్లాడిన చివరి తెలుగు. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. రెండుసార్లు వెళ్లాను. ఇంగ్లీషులో కూర్చోమంది, ఇంగ్లీషులో టీ తాగమంది. అమ్మ పూజలో కూడా తెలుగు మానేసిందని కూతురు చెప్పింది. తన నోటిమాటే భర్తను చంపిందని ఆమె నమ్ముతోంది. నమ్మించింది నేను. అంకుల్ పోవడం నా అజ్ఞానం అనుకున్నా, ఇది మాత్రం అజ్ఞానం కాదు కదా? రెండుసార్లూ చెప్పాలనే వెళ్లాను. టీ తాగి వచ్చేశాను.

ఆమె అడిగిన మాట ఎన్నిసార్లు తలచుకున్నానో. ప్లాస్టిక్ ఉంది కదా. మూడే మాటలు. అందులో దిద్దడానికి ఏమీ లేదు.

కట్టేశాను అని నేను అనలేదు. వేసుకోండి అన్నాను.

ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.