నాలుగు ప్లగ్గులు, పదకొండు అగరుబత్తులు

మొన్న మా వీధి చివర షెడ్డుకి స్కూటరు నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. రెండు రోజులుగా అది, నేను కాలేజీకి వెళ్ళడం మీద తనకున్న అభ్యంతరాన్ని దగ్గి దగ్గి తెలియజేస్తోంది. విజయనగరం మెకానిక్కులకి తీరిక తక్కువ. ఇతను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో చేపల పులుసు సంగతి మాట్లాడుతూనే, పానా పెట్టి ఒక్క విసురుతో ప్లగ్గు ఊడబీకాడు. అప్పటికే నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని ఉన్నాను. "ఏటి మేస్టారూ, కళ్ళు తిరిగినాయేటి?" అని స్టూలు జరిపాడు. లేదయ్యా, మా ఇళ్ళలో ప్లగ్గు తీసేటప్పుడు మగవాళ్ళం ఇలాగే నిలబడతాం అన్నాను. అతను నా వంక జాలిగా చూసి మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ప్లగ్గు ఊడబీకడానికి అతనికి పట్టిన కాలం అర నిమిషం. నాకు తెలిసిన మరో నాలుగు ప్లగ్గులకి రెండు రోజులు, పదకొండు అగరుబత్తులు పట్టాయి.

నేను ఇరవయ్యెనిమిదేళ్ళుగా డిగ్రీ పిల్లలకి ఫిజిక్సు చెబుతున్నాను. అందులో టార్కు అని ఒక పాఠం ఉంది. పిడి ఎంత పొడుగుంటే మర అంత సులువుగా తిరుగుతుందని బల్ల గుద్ది చెబుతాను. ఆ నాలుగు ప్లగ్గుల ముందు వరకు నేను స్వయంగా తిప్పిన మరలు ఆవకాయ సీసా మూతలే. మా చిన మావయ్య మాత్రం ఆ పాఠం చదవకుండానే నరసన్నపేటలో హైవే పక్కన నలభై ఏళ్ళు షెడ్డు నడిపాడు. అమ్మకి ఆఖరి తమ్ముడు. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. లారీ ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఏం జరుగుతోందో డాక్టరులా చెప్పేవాడు. డాక్టరు కంటే ఎక్కువసార్లు నిజమయ్యేది.

నాలుగేళ్ళ కిందట రెండు రోజుల సెలవులొస్తే ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. సుగరు వచ్చి వేళ్ళ కొసలకి స్పర్శ పోయిందని తెలిసింది. టీ గ్లాసు కాలుతోందో చల్లారిందో పెదవికి ఆనిస్తే గానీ తెలిసేది కాదు. అందుకే కొత్త బళ్ళు ఒప్పుకోవడం మానేశాడు. షెడ్డు తలుపు తీసి, పానాలు తుడిచి, వరసగా పెట్టి, మళ్ళీ తుడిచేవాడు. నేను వెళ్ళిన పూటే, పది గంటలకి, మా అక్క మొగుడు, అంటే మా బావ, తన చిన్న లారీని ఇంకో బండికి తాడు కట్టించి లాక్కొచ్చాడు.

బావ పాతపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో పాలక్యాన్లు ఎత్తి శీతల కేంద్రానికి చేరవేస్తాడు. అతని ఇల్లు నడిచేది ఆ రూటు మీదే. బండి గ్యాసుది. డీజిలు లారీలకి ఉండవు గానీ గ్యాసు ఇంజనుకి ప్లగ్గులుంటాయి. అవి పాడైపోయి ఇంజను కుంటుతోంది. తీసి కొత్తవి వెయ్యాలి, అంతే. ఆ అంతే అన్నది శ్రీకాకుళంలో ఒక పెద్ద వర్క్‌షాపులో ఎవరిచేతా కాలేదు. బాగా పట్టేశాయి, తిప్పితే తెగేలా ఉన్నాయి, తెగితే మా పూచీ లేదని కాగితం మీద సంతకం పెట్టమన్నారట. ప్లగ్గు తెగితే కింది ముక్క ఇంజను హెడ్డులోనే ఉండిపోతుంది. అప్పుడు హెడ్డు మొత్తం విప్పి, విశాఖపట్నం పంపించి, లేతు మీద పెట్టించి తేవాలి. రెండు వారాలు. ఈలోగా పాలు మోయడానికి స్నేహితుడి బండి దొరికింది రెండు రోజులకే. పాలు ఎవరి కోసమూ ఆగవు. మూడోనాటి తెల్లవారి బావ బండి వెళ్ళకపోతే ఆ రూటు కోసం కాచుక్కూచున్న వాళ్ళు ఇద్దరున్నారు.

"మావా, నువ్వే దిక్కు," అన్నాడు బావ.

మావయ్య తన చేతులు రెండూ ముందుకి చాపి చూపించాడు. "దిక్కుకి ఏళ్ళు పన్జెయ్యట్లేదు అల్లుడా. మర సాగుతున్నాదో, తెగుతున్నాదో నా సేతికి తెలీదు. నాను ముట్టుకోను." తరవాత, ఎందుకో నాకిప్పటికీ తెలీదు, నా వైపు చూశాడు. "సెవులు బాగానే ఉన్నాయి గానీ. ఒరే లెచ్చరరా, నీ సెయ్యి ఓపాలి ఇలగియ్యి."

నేను వద్దన్నాను. కారణాలు కూడా చెప్పాను, చాలా ఉన్నాయి. బావ నా వంక చూసిన చూపు మటుకు, ఆపరేషను థియేటరు బయట కూచున్నవాడికి డాక్టరు బదులు లెక్కల మేష్టారు లోపలికి వెళ్తున్నట్టు కనబడితే చూసే చూపు. అయినా వేరే దారి లేక తలూపాడు.

సీటు ఎత్తగానే ఇంజను కనబడింది. నాలుగు ప్లగ్గులూ నాలుగు లోతైన గుంటల్లో ఉన్నాయి. వాటి మీది రబ్బరు టోపీలు వేడికి పగిలిపోయాయి. మావయ్య టార్చి వేసి మొదటి గుంటలోకి చూశాడు. అడుగున ఎర్రటి బురద గట్టిపడి ఉంది. దాంట్లో ఒక బంతిపూవు రెక్క. "ఏటల్లుడా, ఇంజనేనా ఇది, కోవెలా?" అన్నాడు. బావ నేల చూపులు చూశాడు. అప్పుడు బయటపడింది. దసరాకి అందరూ చక్రాల దగ్గర కొబ్బరికాయ కొడతారు. మా అక్కది ఏదైనా పూర్తిగా చేసే స్వభావం. అసలు బండిని నడిపేది ఇంజను కదా అని, ఏటా సీటు ఎత్తించి, పసుపునీళ్ళతో కడిగి, కుంకం పెట్టి, కాయ నీళ్ళు మొత్తం దాని నెత్తిన పోసేదట. బండి కొన్న దగ్గర్నుంచీ ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ తీర్థమంతా పగిలిన టోపీల్లోంచి దిగి ప్లగ్గుల మరల్ని తుప్పుతో అతికించింది. "మీ అక్క భక్తికి నానేటి సేత్తాను బామ్మర్దీ," అన్నాడు బావ నాతో, కేసు నా మీదికి తోస్తూ.

మావయ్య ముందు గాలి గొట్టంతో గుంటలన్నీ ఊదించాడు, ఆ బురద ఇంజను లోపలికి రాలకుండా. ఇంజనుని కాసేపు కుంటుతూనే నడిపించి గోరువెచ్చన చేశాడు. ఒక్కో గుంటలోకీ తుప్పు వదిలే నూనె నాలుగేసి చుక్కలు పోయించాడు. తరవాత గోడ మీది అమ్మవారి క్యాలెండరు దగ్గరికెళ్ళి ఒక అగరుబత్తి వెలిగించి కూచున్నాడు. నేను దండం పెట్టబోతే, "మొక్కు కాదురా, గడియారం," అన్నాడు. ఒకప్పుడు నూనె దిగే కాలాన్ని ఆయన బీడీలతో కొలిచేవాడు. డాక్టరు బీడీ మాన్పించాక కొలత పోయింది. దాని స్థానంలో అగరుబత్తి వచ్చింది. ఆ క్యాలెండరు అమ్మవారికి అందినంత ధూపం ఏ భక్తుడి వల్లా అంది ఉండదు, అందులో ఒక్కటీ ఆవిడ కోసం కాకపోయినా.

బత్తి అయిపోయాక పానా నా చేతికొచ్చింది. నేను పిడి పొడుగైనది అడిగాను, పాఠం ప్రకారం. "పొట్టిదే పట్టు. పొడుగుదైతే తెగిందాకా నీకు తెలీదు," అన్నాడు మావయ్య, నా అన్నేళ్ళ సర్వీసుని ఒక వాక్యంలో ముగిస్తూ. తను స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి చెవిలో పెట్టుకున్నాడు. కొంచెం తిప్పాను. కిర్రుమంది. "ఆగు. ఎనక్కి తిప్పు. బిగించు." వదులు చెయ్యడానికి వచ్చి బిగించడమేమిటని అడిగే ధైర్యం లేదు. వడ్లగింజంత ముందుకి, అంతే వెనక్కి, మళ్ళీ చుక్క నూనె. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. బావ షెడ్డు బయట సర్వీసు రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ, కిర్రుమన్నప్పుడల్లా ఆగిపోయి, "ఇరిగిందేటి?" అని అక్కణ్ణుంచే అడిగేవాడు. దగ్గరికి వచ్చేవాడు మాత్రం కాదు.

మొదటిది ఒక బత్తికి వచ్చింది. రెండోది మూడు బత్తులు తిన్నాది, మావయ్య భాషలో చెప్పాలంటే. మూడోదానికి రెండు. నాలుగోది కదల్లేదు. రెండు బత్తులు వెలిగించినా కదల్లేదు. సాయంత్రం అయిదయింది. బావ మొట్టమొదటిసారి లోపలికొచ్చి, "కొంచెం గట్టిగా లాగొచ్చు కద మావా, మూడు వచ్చీనాయి గదా," అన్నాడు. నాకూ అదే అనిపించింది. చేతికి కొంత పొగరు వచ్చింది. మూడు ప్లగ్గులు తీసినవాడికి నాలుగోది ఒక లెక్కా?

"మూడు తీసినోడే నాలుగోది ఇరగ్గొడతాడు," అన్నాడు మావయ్య. గుంట నిండా నూనె పోయించి, పానా తుడిచి, వరసలో పెట్టేశాడు. "ఒగ్గెయ్. రేపు."

ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ మేం ముగ్గురం వంకాయ కూర గురించే మాట్లాడుకున్నాం. అంత పొగడ్త ఆ కూరకి అంతకుముందు గానీ, తరవాత గానీ దక్కలేదు.

తెల్లవారి, తీసిన మూడింటి చోటా కొత్త ప్లగ్గులు బిగించి, మళ్ళీ ఇంజను వెచ్చబెట్టి, బత్తి వెలిగించి, మొదలుపెట్టాం. మావయ్య చెవిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కదిలింది. కిర్రు, వెనక్కి. కిర్రు, వెనక్కి. రెండో బత్తి అయిపోయింది. అర చుట్టు తిరిగాక కిర్రు పోయి, సన్నగా, పొడిగా, ఎండిన కొబ్బరిమట్ట నలిగినట్టు ఒక చప్పుడు. అది చెవికి వచ్చిందో, మణికట్టుకి వచ్చిందో చెప్పలేను. చెయ్యి ఆగిపోయింది. పానా వదిలేశాను. మావయ్య కళ్ళు తెరిచాడు.

"నాను ఆగమన్లేదే?"

"ఏదోలా ఉంది మావయ్యా."

ఆయన స్క్రూడ్రైవరు చెవిలోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు. "కూకో. ఇంకో బత్తి ఎలిగించు," అన్నాడు. ఆ బత్తి అయ్యాక ఆయన స్క్రూడ్రైవరు మళ్ళీ ముట్టుకోలేదు. బయటికెళ్ళి బావ పక్కన నిలబడ్డాడు. నేనొక్కణ్ణే ముందుకీ వెనక్కీ తిప్పుతూ, అది పిలిస్తే వచ్చినట్టు వచ్చేదాకా తిప్పాను. ప్లగ్గు తెగకుండా మొత్తంగా వచ్చింది. మావయ్యకి ఇస్తే, దాని మరని వేలితో కాకుండా కింది పెదవి మీద మెల్లగా తిప్పి చూసుకున్నాడు, ఒక్క చుట్టూ పోలేదని నమ్మకం కుదిరేదాకా. పెదవికి నల్లగా మసి అంటింది. బావ అక్కకి ఫోను చేసి, "వచ్చీసినాదే," అన్నాడు. ఆవిడ వెంటనే, అయితే ఇంజనుకి కాయ కొట్టమంది. ముగ్గురం ఒకేసారి వద్దన్నాం.

మూడోనాడు పాలు వేళకి చేరాయి. బావ రూటు ఇప్పటికీ బావదే. అక్క కొబ్బరికాయ చక్రం దగ్గరే కొడుతోంది, మనసొప్పకపోయినా. మావయ్య షెడ్డు ఇచ్చేశాడు. అక్కడిప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఆయన ఇంట్లోనే ఉంటాడు. నేను ఫోను చేస్తే, "ఏటి లెచ్చరరా, ఏటైనా ఇరగ్గొట్టినావా?" అనే మొదలుపెడతాడు. నాలుగో ప్లగ్గు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది. టార్కు పాఠం నేనింకా చెబుతూనే ఉన్నాను గానీ, పిడి పొడుగు దగ్గరికొచ్చేసరికి గొంతు కొంచెం తగ్గుతోంది. మొన్న స్కూటరు తీసుకుని ఇంటికొచ్చాక, ఎందుకో ఒక బత్తి వెలిగించి, అది అయిపోయేదాకా ఏ పనీ చెయ్యకుండా కూచున్నాను. కాలం పరుగెడుతోందని మా కాలేజీలో అందరూ అంటారు. నరసన్నపేటలో అది నూనెలా ఒక్కో మరా దిగేది, మనం చెయ్యి తీసి కూచుంటేనే.