వెనక్కి నడిచిన బండి

మొన్న కాలేజీలో, అంగారకుడి మీద తిరిగిన రోవర్ బండి పంపిన రాళ్ళ ఫోటోలు చూపిస్తుంటే, ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "ఆంటీ... సారీ, ప్రొఫెసర్. ఆ రోవర్ డెడ్ కదా? ఇంకా ఎందుకు చూడటం?" క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అది పంపిన కొలతలతో ఇప్పటికీ కొత్త సంగతులు తెలుస్తున్నాయని చెప్పాను. నా సంగతి మాత్రం చెప్పలేదు.

పెళ్ళయి షాంటిలీ వచ్చిన కొత్తలో నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. విశాఖలో చదివిన ఎమ్మెస్సీ జియాలజీ సర్టిఫికెట్టు సూట్‌కేసులో చీరల అడుగున ఉండేది. మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక సాయంత్రం దాకా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడూ, నేనూ. కుక్కర్ కూత వేస్తే ఎవరో పలకరించినట్టుండేది. అలాంటి ఒక మధ్యాహ్నం ఆ రోవర్ ఫోటోల పేజీ కంటపడింది. వచ్చినవి వచ్చినట్టే ఎవరైనా చూడొచ్చు. తొంభై రోజులకని పంపిన బండి, పన్నెండేళ్ళు దాటినా తిరుగుతూనే ఉంది. ముందు చక్రమొకటి మొరాయిస్తే చాలాసార్లు వెనక్కి నడిచేది. దాని దారిలో మిరియాల్లాంటి గుండ్రటి గుళికలు. ఒకప్పుడు అక్కడి నేలను నీళ్ళు తడిపాయనడానికి సాక్ష్యం. ఒక నోట్‌బుక్ కొని రాతిపొరలు గీసుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ ఇవ్వని హోంవర్కు, ఎవరూ దిద్దని హోంవర్కు.

తర్వాత ఒక వేసవిలో అక్కడ దుమ్ము తుఫాను లేచి గ్రహమంతా కమ్మేసింది. ఎండతో నడిచే బండి మూగబోయింది. భూమ్మీంచి శాస్త్రవేత్తలు నెలల తరబడి సిగ్నళ్ళు పంపి పిలిచారు. నేను రోజూ పేజీ తెరిచేదాన్ని. అవే పాత ఫోటోలు. చివరికి ఇక పిలవబోమని ప్రకటించారు. మర్నాడు పొద్దున షూ వేసుకుంటున్న మా ఆయన నా మొహం చూసి ఆగారు.

"ఏమైంది? ఇంటి దగ్గర అందరూ బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. రోవర్ పోయిందండీ."

ఆయన నవ్వలేదు. "ఏ రోవర్?" అన్నారు.

ఒకే ఇంట్లో ఉంటూ నేనెప్పుడూ చెప్పలేదు మరి. మీటింగ్ క్యాన్సిల్ చేసి పక్కన కూర్చున్నారు. ఫోటోలూ నా నోట్‌బుక్కూ చూపిస్తూ రెండు గంటలు మాట్లాడాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇన్నాళ్ళూ ఒక్కదానివే చూశావా?" అన్నారు. నోట్‌బుక్ నా చేతికిస్తూ, "మళ్ళీ చదువుకో. అప్లై చేద్దాం" అన్నారు.

అంగారకుడి మీద రోజు మన రోజుకన్నా దాదాపు నలభై నిమిషాలు పెద్దది. ఆ అపార్ట్‌మెంట్‌లో నా రోజులు అంతకన్నా పెద్దవి. ఒంటరిగా ఉన్న కాలం ఎంతకీ కదలదు; కదిలి వెళ్ళాక మాత్రం, పూటపూటా గుర్తున్నది అదొక్కటే.