అలోయిస్ గారి నమూనా యూరోలు

విష్కోవ్‌లో మా నాణేల సంఘం ఆదివారం పొద్దున బీరు హోటలు వెనక గదిలో కూడుతుంది. రోమను నాణేలవాళ్లు కిటికీ దగ్గర కూర్చుంటారు. చక్రవర్తుల కాలం వెండివాళ్లు మధ్య బల్ల వదలరు. అలోయిస్ విమజల్ గారి కుర్చీ మాత్రం తలుపు పక్కన, చలిగాలి తగిలే చోట. నేను పాత ట్రాము బిళ్లలు పోగేసే మనిషిని గనక నన్నూ అక్కడికే తోశారు.

ఆయన పోగేసినవి నమూనా యూరోలు. యూరో ఇంకా తీసుకోని దేశాలు రేపు తీసుకుంటే నాణెం ఇలా ఉంటుందేమోనని, ప్రైవేటు కంపెనీలు సొంత ఊహతో అచ్చుకొట్టి అమ్మినవి. స్వీడన్‌కి, డెన్మార్క్‌కి, పోలండ్‌కి, మా చెక్ దేశానికీ. ఏ ప్రభుత్వమూ కొట్టమని అడగలేదు.

"పెళ్లి కుదరకముందే అచ్చేసిన శుభలేఖలు," అనేవాడు మా అధ్యక్షుడు రదోమీర్.

"కుదురుతుందిలేరా రదేక్. పెళ్లికొడుకు కాస్త బెట్టు చేస్తున్నాడంతే," అనేవారు అలోయిస్ గారు.

ఫలానా ఏడాదికల్లా యూరో తీసుకుంటామని మా ప్రభుత్వం అప్పట్లో చెప్పింది కూడా. ఆ ఏడు వచ్చింది, పోయింది. ఆయన భార్య క్వేతా సముద్రం చూడాలని అడిగినప్పుడల్లా, "మన యూరో రానీ, డబ్బు మార్చుకునే గొడవ లేకుండా పోదాం" అన్నారట. ఆవిడ సముద్రం చూడకుండానే పోయింది. ఈ సంగతి ఆయన నాకు ఊరవేసిన సాసేజి కోసుకుంటూ, ఉల్లిపాయ బాగా ఊరలేదని చెప్పినంత మామూలుగా చెప్పారు.

తర్వాత ఆయన చూపు మధ్యలో మచ్చ పడింది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. వృద్ధాశ్రమంలో మంచం దొరికింది గానీ, మనిషికి ఒక్క చిన్న అలమారే. ఇక ఆయనకు మిగిలిన కోరిక ఒకటే: ఆ యూరోల పెట్టె మొత్తాన్ని ఎవరో ఒక్కరు తీసుకోవాలి, విడగొట్టకూడదు.

ముందు ఆయన్నీ పెట్టెనూ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "ఇవి నాణేలు కావండి. పతకాలా అంటే అవీ కావు. ఏ గదిలో పెట్టమంటారు?" అంది. ఆయన ఆమె చెవికేసి చూస్తూ థాంక్స్ చెప్పారు.

ఆ ఆదివారం పెట్టె తెచ్చి సంఘం బల్ల మీద తెరిచారు. "ఊరికే ఇస్తాను. కలిపి ఉంచితే చాలు," అన్నారు.

వెండివాళ్లలో ఒకాయన తన బీరు నురగను పరీక్షగా చూసుకున్నాడు. రదోమీర్ చెడ్డవాడు కాదు. నిశ్శబ్దం భరించలేడు, అదే అతని జబ్బు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుడు పోతే అతని సేకరణ బల్ల మీద పరుస్తాం. కాసేపు మౌనంగా నిలబడి, తలా ఒకటి తీసుకుని, టోపీలో తోచినంత డబ్బు వేస్తాం. అలా తీసుకున్నది తిరిగి ఇవ్వకూడదు. రదోమీర్‌కి ఆ గండం గట్టెక్కడానికి అదొక్కటే తోచినట్టుంది. టోపీ తీసి బల్ల మీద పెట్టి, "అందరం తలా ఒకటి తీసుకుందాం, మిత్రులారా," అన్నాడు. ఆ వెంటనే అలవాటు కొద్దీ, "ముందు ఒక్క నిమిషం మౌనం," అనేశాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరం లేచాం. అలోయిస్ గారూ లేచారు, తల వంచుకుని నిలబడ్డారు. పక్క గదిలో ఎవరో గులాష్ కూరలోకి రొట్టె ఇంకో ముక్క అడుగుతున్నారు.

"లోయ్జా, నువ్వు కూర్చో," అని అలోయిస్ గారి చెవిలో గొణిగాడు రదోమీర్.

"పర్లేదురా. పోయినవాడు నాకు బాగా తెలిసినవాడే."

పెట్టె ఖాళీ అయింది. నా వంతుకి డెన్మార్క్‌ది వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు కారులో దాన్ని ఆయన చేతిలో పెట్టబోతే గుప్పిట బిగించుకున్నారు. "ఆనవాయితీ తప్పకూడదు, ద్రాహా," అన్నారు.

తర్వాత శుక్రవారం ఆయన్ని సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. అక్కడ సామాన్ల బండి గొలుసు ఊడాలంటే మా దేశపు డబ్బు, ఐదు క్రౌన్ల బిళ్ల దూర్చాలి. బండి తిరిగి తగిలిస్తే బిళ్ల బయటికొస్తుంది. ఆ రోజు బండి తిరిగి పెట్టడానికి తెస్తున్న ఒకావిడకు ఆయన ఐదు క్రౌన్లిచ్చి, బండిని లోపలి బిళ్లతో సహా పుచ్చుకున్నారు. అందరం చేసే పనే. కొనడమయ్యాక గొలుసు తగిలించారు. బిళ్ల అరచేతిలో పడింది. బొటనవేలితో తడిమి చూసి ఆగిపోయారు.

"స్వీడన్," అన్నారు.

నేను చూశాను. స్వీడన్‌దే. మావాళ్లలో ఎవరి జేబులోంచి ఆ బండిలోకి చేరిందో నేను అడగలేదు, ఆయనా అడగలేదు. కొలతకు సరిగ్గా సరిపోయింది మరి.

"ఇది తిరిగివ్వడం కాదు కదా, దొరకడం," అని ఎడం జేబులో వేసుకున్నారు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం నేను కొనుక్కొచ్చేదాకా ఆయన బండ్ల దగ్గరే నిలబడతారు. వచ్చేపోయేవాళ్లని, "ఇటివ్వండి, నేను తగిలిస్తాను," అని ఐదు క్రౌన్లు చేతిలో పెట్టబోతారు. కొందరు ఆ డబ్బు ఉంచుకోమని, బండి కూడా వదిలేసి, గబగబా వెళ్లిపోతారు. ఒకరోజు కాపలావాడు వచ్చి, "తాతా, ఇక్కడ అడుక్కోకూడదు," అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అలోయిస్ గారు టోపీ తీసి అతనికి క్షమాపణ చెప్పుకున్నారు. మరుసటి శుక్రవారం ఇంకో తలుపు దగ్గర నిలబడ్డారు.

మొన్న మంచు పడుతోంది. సంచులు కారులో పెట్టి వెళ్లేసరికి ఆయన వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. జేబులు గలగలమన్నాయి.

"ఏమన్నా దొరికాయా?" అన్నాను.

"లేదు," అన్నారు. "అన్నీ అసలువే."