గడియారం కింద రోడ్డు

ఆదివారం పొద్దున్నే, సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర బస్సుల రొద ఇంకా మొదలుకాక ముందు, పొడవాటి చీపురు తారు రోడ్డు మీద బర్రుమని గీసుకుపోయే చప్పుడు వినిపిస్తుంది. దాని వెంటే దుమ్ము వాసన, ఎదుటి హోటల్లో మరుగుతున్న చాయ్ వాసన. ఆ చప్పుడు వింటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. తల ఎత్తి చూడమని పదిమందికీ చెప్పడమే నా పని అయినా సరే. కొన్నేళ్లుగా సెలవు రోజుల్లో, ఊరు చూడాలని వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని ఈ కూడలి చరిత్ర చెబుతుంటాను. కంటోన్మెంటు రోజులు, ఈ రాతి గోపురం, పార్కులోని అమరుల స్తూపం, అటు మోండా మార్కెట్. ఈ పిచ్చి నాకు అంటించింది రూతమ్మ టీచర్.

ఆవిడ బోయిగూడలోని మా బడిలో సోషల్ చెప్పేవారు. పుస్తకం మూయించి, మమ్మల్ని వరుసగా నడిపించుకుంటూ ఇక్కడికి తీసుకొచ్చేవారు. గోపురం రాయి మీద అరచెయ్యి ఆనించమనేవారు. ఎండకు రాయి ఎంత వేడెక్కిందో చూసి, దీన్ని మోసినవాళ్ల చేతులను తలుచుకోమనేవారు. అప్పటిదాకా ఆ గోపురం మాకు బస్సు దిగే గుర్తు, అంతే. ఒకరోజు పైకి చూపించి, ఈ గడియారానికి కీ ఇచ్చింది మా తాతే అన్నారు. మేం నోళ్లు వెళ్లబెట్టాం. సికింద్రాబాద్ మొత్తానికి టైము నడిపినవాడి మనవరాలు మాకు టీచరు. ఆ సాయంత్రం ఇంట్లో, ఆయన మా తాతే అన్నంత గొప్పగా చెప్పుకున్నాను.

పెద్దయ్యాక నేను చెప్పే కథల్లో దానికే ఎక్కువ మెప్పు దక్కేది. అందుకే దాన్ని ఆఖరికి దాచుకుని, ఊరించి ఊరించి చెప్పేవాణ్ని. రిటైరై మెట్టుగూడలో ఉంటున్న టీచర్ను ఒక ఆదివారం బతిమాలి పిలుచుకొచ్చాను. తెల్ల చీరతో, చేతికర్రతో వచ్చారు. కీ ఇచ్చిన పెద్దమనిషి మనవరాలు వీరేనని అందరి ముందూ పరిచయం చేస్తే జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, ఆవిడ నెమ్మదిగా అన్నారు.

"శీను చెప్పింది నిజం కాదు. వాని తప్పు గాదు, నేను చెప్పిన అబద్ధమే గది. మా తాత కీ ఇయ్యలె. గీ గడియారం కింద రోడ్డు ఊడ్చిండు. బతికినన్ని దినాలు గదే పని."

నాకు పరువు పోతోందన్న ఆలోచన తప్ప మరేదీ తోచలేదు. టీచర్ పెద్దవారయ్యారు, ఈ మధ్య కొంచెం మతిమరుపు అని నవ్వేసి, అందరినీ మోండా మార్కెట్ వైపు తీసుకుపోయాను. ఆ మాట ఆవిడ విన్నారు. వెనక్కి తిరిగి చూస్తే, పార్కు గట్టు మీద ఒక్కరే కూర్చుని, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నారు.

వారం తిరక్కుండా మెట్టుగూడ వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను గానీ ఆ మాట గొంతు దాటలేదు. ఆవిడే చాయ్ ఇచ్చి సంగతంతా చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ పెద్దవాళ్లు ఏం చేసేవారని తోటి టీచర్లు అడిగారట. వాళ్లకు కావలసింది కులమని ఆ అడగడంలోనే తెలిసిపోయిందట. ఊడ్చేవాడంటే తన టిఫిన్ డబ్బా పక్కన ఎవరూ కూర్చోరని భయపడి, నోటికొచ్చింది అనేశారట. ఆ తరువాత అదే పిల్లలకు పాఠమైంది.

"ఆయన చీపురు పట్టి మమ్మల్ని చదివిచ్చిండు. ఆయనను నేనే లేకుండ చేసిన," అన్నారు. "నువ్వు సుత గట్లనే చెయ్యకు బిడ్డా. ఊడ్చిండని చెప్పు. గంతే చాలు."

చెబుతానని మాట ఇచ్చాను. ఆ తరువాతి ఆదివారం గోపురం కింద నిలబడగానే నా నోరు మళ్లీ కీ కథే చెప్పింది. రోడ్డు ఊడ్చినవాడి మాట చరిత్ర వినవచ్చినవాళ్లకు నచ్చదనుకున్నాను. మా ఇంట్లో ఏ తరమూ ఊరి రోడ్డు ఊడవలేదు కనుక, అలా అనుకోవడం నాకు తేలికైంది. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు. సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక కూడా, మరుసటి వారం అదే కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. నాకు సిగ్గు లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మొన్నటి ఆదివారం ఆ చీపురు చప్పుడు మరీ దగ్గరగా వినిపించి, కథ నోట్లోనే ఆగిపోయింది. కీ కథ అబద్ధమని, టీచర్ తాత ఇక్కడ రోడ్డు ఊడ్చారని, నిజం చెప్పిన మనిషికి మతిమరుపు అంటగట్టింది నేనేనని చెప్పేశాను. ఈసారి చప్పట్లు లేవు. రోడ్డు ఊడుస్తున్న ఆమె మాత్రం చీపురు ఆపి వింటోంది. అందరూ కదిలాక దగ్గరికొచ్చింది.

"గా ఊడ్చినాయన పేరేంది సార్?"

గడియారం దానమిచ్చిన వ్యాపారి పేరు, గోపురాన్ని ప్రారంభించిన దొర పేరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈయన పేరు నాకు తెలియదు. టీచర్ను ఎన్నడూ అడగలేదు. మెట్టుగూడ ఇంట్లో చాయ్ చల్లారేదాకా కూర్చుని కూడా అడగలేదు. తెలియదమ్మా అన్నాను. ఆమె తల ఊపి, మళ్లీ చీపురు అందుకుని, నేను నిలబడ్డ చోటు మాత్రం వదిలేసి చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది.