అడ్డు దూలం

వడ్రంగి రూబెన్ ఫిస్క్ తన అరవై ఆరేళ్ళ జీవితంలో ఇంగ్లండులోని తన సఫోక్ జిల్లా దాటి వెళ్ళింది ఒక్కసారే, అదీ మొదటి ప్రపంచ యుద్ధానికి. తిరిగొచ్చాక, అక్కడేం చూశావని అడిగినవాళ్ళకు, ఫ్రాన్సులో వడ్రంగం నాసిరకమని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ ఆయన రాజ్యభారమంతా ఒక్క ధాన్యపు చావిడి. నాలుగు వందల ఏళ్ళనాటి ఓక్ కర్ర కట్టడం. వెతికినా ఇనుప మేకు దొరకదు, అన్నీ కొయ్య మేకులే. ఏ వాసం ఏ దూలంలో దిగాలో పాతకాలపు వడ్రంగులు ఉలితో చెక్కి పెట్టిన అంకెలన్నీ ఆయనకు కంఠతా. పెళ్ళిరోజు మాత్రం ఏటా భార్య హెట్టీని అడిగి తెలుసుకునేవాడు.

1949 వేసవిలో ఆ చావిడి సొంతదారు క్రాక్‌నెల్ దొర పంట కోత యంత్రం కొన్నాడు. దాన్ని లోపల పెట్టుకోవడానికి చావిడి చివరి గోడ విప్పించి దారి చేయించాడు. యంత్రం లోపలికి తల దూర్చి, జానెడు ఎత్తు ఎక్కువై, అడ్డు దూలం దగ్గర ఆగిపోయింది.

"కోసెయ్ రూబెన్," అన్నాడు దొర.

"కోసేది కాదండి అది. రెండు గోడలూ చెరో పక్కకీ ఒరిగిపోకుండా పట్టుకున్నదే అది."

"నాలుగొందల ఏళ్ళు ఒరగనివి, నా యంత్రాన్ని చూసి ఒరుగుతాయా?"

"దానికి వేరే పాక వేస్తానండి. వారం పని."

"ఇంత చావిడి ఉండగా పాకా? చేతకాకపోతే చెప్పు, చేతనైనవాణ్ణి తెచ్చుకుంటా. వాడికి నువ్వుండే ఇల్లు ఖాళీ చెయ్యాలి మరి."

ఇల్లు దొరది. పనిలో ఉన్నన్నాళ్ళే ఇల్లు. అందులో హెట్టీ పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్ళు.

"నన్ను బండిలో వేసుకుని ఎక్కడికి తీసుకెళ్తావయ్యా? ఫ్రాన్సుకా?" అందామె, సంగతంతా విని.

"కోస్తే అది నిలవదే."

"కోయకపోతే నేను నిలవను. అదో నేనో తేల్చుకో."

మర్నాడు రూబెన్ రంపం పట్టాడు. అంత దూలం కోస్తుంటే మామూలుగా రంపం మధ్యలో బిగుసుకుంటుంది. అందుకని కోతలో దిగ్గొట్టి సందు చేసే చీల కూడా జేబులో వేసుకెళ్ళాడు. దాని అవసరం రాలేదు. రెండు గోడలూ చెరో వైపు లాగుతున్నట్టు కోత దానంతటదే విచ్చుకుంటూ పోయింది. రంపం అందులో వదులుగా ఆడింది. పైన కొయ్య మేకులు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. చివరికి రెండు ముక్కల మధ్యా బొటనవేలు పట్టేంత సందు.

"చూశావా, ఎంత తేలిగ్గా తెగిందో!" అన్నాడు దొర, సంబరంగా.

రెండో ఏడు మార్చి గాలికి దక్షిణపు గోడ బయటికి పడుకుంది. కప్పంతా వచ్చి యంత్రం మీద కూర్చుంది. చుట్టుపక్కల రైతులు పరామర్శకు వచ్చారు. చాలామంది యంత్రాన్నే పరామర్శించారు.

"అంతా పుచ్చు కర్ర," అన్నాడు దొర వాళ్ళ ముందు. తర్వాత రూబెన్ వైపు తిరిగాడు. "ముప్ఫై ఏళ్ళు దీన్ని కనిపెట్టుకుని ఉన్నవాడివి. ఒక్క మాట చెప్పొద్దటయ్యా?"

హెట్టీ ఇంకా ఆ ఇంట్లో, ఆ మంచం మీదే ఉంది. రూబెన్ టోపీ తీశాడు.

"తప్పేనండి," అన్నాడు.