ఓడ కాలువ దాటేదాకా

మొన్న పొద్దున తలుపు చప్పుడైతే, పక్కింటి భాయిగారే అనుకుని చీపురు చేత పట్టుకునే తీశాను. ఎదురుగా ఆయన భార్య. "మా సాబ్ పోయిన్రు అక్కా. ఫజర్ నమాజుకు లేపితే లేవలే," అంది. చేతిలో చీపురు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

చీపురు సంగతి మీకు చెప్పాలి. నేను దోహాలో కూతురి దగ్గర ఉంటాను. నా కొడుకు సరుకుల ఓడలో పనిచేస్తాడు. మనిషి ప్రయాణమై వెళ్ళాక, చేరాడన్న కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవకూడదని మా అమ్మ నేర్పింది. ఓడవాడికి చేరడమంటే నెలలు. అందుకని సూయజ్ కాలువ ఒక్కటే లెక్కలో పెట్టుకున్నాను. వాడి ఓడ అందులోకి దిగింది మొదలు బయటపడేదాకా ఇల్లు ఊడవను. ఈ ఊళ్ళో కిటికీలు మూసినా ఇసుక వస్తుంది. అల్లుడు అరికాళ్ళు దులుపుకుని మంచమెక్కేవాడు.

భాయిగారిది నిజామాబాద్. ఇక్కడ ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. ఏ ఓడ ఎప్పుడు దాటిందో ఆయనకు తెలిసేది. దాటగానే వచ్చి తలుపు కొట్టి, "ఇగ ఊడ్సుకో అక్కా," అని వెళ్ళిపోయేవారు.

నాకు పెద్ద చదువు లేదు గానీ భయాలకు కొదవ లేదు. కువైట్ యుద్ధం రోజుల్లో ఇక్కడే ఉన్నాను. "ఆ కాలువ ఎవరిది భాయిగారూ? వాళ్ళకు కోపమొస్తే మనవాడి ఓడ ఆపేస్తారా?" అని ప్రతిసారీ అడిగేదాన్ని. ప్రతిసారీ గడప దగ్గర కూర్చుని, ఇసుకలో వేలితో గీత గీసి చెప్పేవారు.

"ఇగో, ఇది కాలువ. ఒకప్పుడు ఫ్రెంచోళ్ళు, ఇంగ్లీషోళ్ళ కంపెనీది. ఇప్పుడు ఈజిప్టు సర్కారుది. తవ్వింది గూడ ఆళ్ళ కూలోళ్ళే. పైసలు కడితే ఏ దేశమోళ్ళ ఓడనైనా పోనియ్యాలె. గట్ల ఒప్పందమున్నది."

"ఎన్నడూ ఆపలేదా?"

లేదని చెప్పి ఊరుకోవచ్చు. ఆయన అలా చెప్పలేదు. "లడాయిల ఎనిమిదేండ్లు బందైంది. నడుమ చిక్కిన ఓడల నిండ ఇసుకే." నా మొహం చూసి, "ఇగో, నీ ఇంట్ల ఉన్నంత," అన్నారు. ఏడవబోయినదాన్ని నవ్వాను.

"భయపడు అక్కా, వద్దంటలేను. కూసోని భయపడు. నిలబడితే కాళ్ళు గుంజుతయ్," అనేవారు.

ఈసారి కూడా ఓడ కాలువలోకి దిగిన కబురు ఆయనే తెచ్చారు. ఛాతీలో మంటగా ఉందన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పాల్సింది. నేను అడిగింది ఎప్పుడు దాటుతుందనే. పాపం, మళ్ళీ కూర్చుని గీత గీశారు.

మధ్యాహ్నం మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళారు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, మనసు సగం ఓడ మీదే ఉంది. ఇక ఎవరిని అడగాలి? ఈ ఇంట్లో, ఇవాళ, ఎలా అడగాలి?

కాసేపటికి ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. "నిన్న పొద్దుగూకినంక ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అక్కకు పొద్దుగాల చెప్తనన్నరు. ఓడ దాటిందంట. ఊడ్సుకో అక్కా."

ఇంటికొచ్చి గదులన్నీ ఊడ్చాను. గడప దగ్గర మాత్రం ఊడవలేదు. ప్రయాణమై వెళ్ళిన మనిషి చేరారని నాకింకా ఎవరూ చెప్పలేదు. అక్కడ ఆయన వేలితో గీసిన కాలువ, గాలికి ఒక పక్క పూడుతూ, ఇంకా ఉంది.