వడ్లు ఆరబోసిన రోడ్డు మీద ఏంజెల్ పరీక్ష

బందరు కాలువ గట్టు మీద ముప్పై ఎనిమిదేళ్లు సైకిల్ షాపు నడిపినవాణ్ణి నేను. పేరు ఇశ్రాయేలు. చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. అయినా నా దగ్గర సైకిలు నేర్చుకున్న పిల్లలు నాలుగు వందల మందికి పైనే ఉంటారు. వాళ్లలో ఇద్దరు డాక్టర్లయ్యారు, ఒకమ్మాయి సబ్ ఇన్‌స్పెక్టరు, ఇంకొకడు రైలు నడుపుతున్నాడు. రోడ్డు మీద ఎముక విరగ్గొట్టుకున్నవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, చుట్టుపక్కల మూడు ఊళ్లూ చెప్పే మాట.

నా పద్ధతి వేరు. మొదటి పది రోజులు పెడల్స్ ఊడదీసేస్తాను. సీటు కిందికి దించి, కాళ్లతో నేలను తోసుకుంటూ చర్చి వెనక ఖాళీ స్థలంలో తిరగమంటాను. చలికాలం పొద్దున్నే కాలువ మీంచి మంచు పాకి వస్తుంది. అందులో సైకిళ్లు కనబడవు, కాళ్లు కనబడవు. పిల్లల తలలు మాత్రం కాలువలో గుర్రపుడెక్క పూలలా అటూ ఇటూ తేలుతుంటాయి. చూస్తూ నేనే నిద్రలోకి జారినట్టయ్యేది. తర్వాత బ్రేకు, మలుపు దగ్గర చెయ్యి చూపించడం, తల వెనక్కి తిప్పినా హ్యాండిల్ తిప్పకుండా ఉండటం. ఇవన్నీ వచ్చాకే పెడల్స్ బిగిస్తాను. హెల్మెట్ లేనివాణ్ణి సీటు ఎక్కనివ్వను.

కిందటి నవంబరులో మా ఊరి శౌరమ్మ కూతురు ఏంజెల్ సైకిలు నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చింది. ఎనిమిదో తరగతి. పక్క ఊరి హైస్కూలుకు పిల్లల్ని తీసుకెళ్లే ఆటో అతను దసరా తర్వాత మానేశాడు. శౌరమ్మ విజయవాడలో ఒక ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేస్తుంది. బండ్ల మీంచి పడ్డవాళ్లను రోజూ చూసే మనిషి. కూతుర్ని అక్కడే గుణదలలో హాస్టల్లో వేస్తానంది.

"హాస్టల్లో కాలువ ఉండదు కదా తాతా," అంది ఏంజెల్. 

నేను వెళ్లి మాట్లాడాను. శౌరమ్మ చివరికి ఒక మాట మీద నిలబడింది. శనివారం తనకు సెలవు. తన కళ్ల ముందు పిల్ల స్కూలు దాకా వెళ్లి రావాలి. మధ్యలో తనకు ఒక్కసారి భయం వేసినా సోమవారం హాస్టలే.

అప్పటికి ఏంజెల్ సైకిలుకు పెడల్స్ బిగించి రెండు వారాలైంది. శనివారం పొద్దున బయల్దేరాం. ముందు ఏంజెల్, వెనక నా సైకిలు మీద నేను, మా వెనక స్కూటరు మీద శౌరమ్మ. పాలలో పసుపు కలిపినట్టు ఎండ. కాలువ పారుతోందో, మేమే పారుతున్నామో తెలియలేదు. కొంగలు లేచి మంచులోనే కలిసిపోయాయి.

వంపు దాటగానే సగం రోడ్డు మీద వడ్లు. రాత్రి కప్పిన బరకాలు అప్పుడే తీసి ఆరబోశారు. బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పెట్టారు. ఏంజెల్ బ్రేకు పట్టింది, వెనక్కి చూసింది, దిగింది, సైకిల్ని నడిపించుకుంటూ వెళ్లింది. మంచులోంచి ట్రాక్టరు ఎదురొస్తే వడ్ల అంచున కదలకుండా నిలబడింది.

వడ్లున్న చోట దిగాలని ప్రతి పిల్లకూ చెప్పింది నేనే. కానీ శౌరమ్మ చూస్తోంది. ఇన్నేళ్లు తొక్కినవాణ్ణి, నాకెందుకు దిగడం అనిపించింది. ట్రాక్టరు మీదికొచ్చేసింది. తప్పుకోవాలంటే వడ్ల మీదికే పోవాలి. రైతు కడుపున పుట్టిన చెయ్యి, చక్రాన్ని గింజల మీదికి పోనివ్వలేదు. ఆ తటపటాయింపులో ముందు చక్రం రాయికి తగిలింది. వెళ్లి వడ్లలోనే పడ్డాను. కొత్త వడ్ల వాసన, పైన తెల్లటి ఆకాశం. చిన్నప్పుడు కళ్లంలో మా అయ్య పక్కన పడుకున్నట్టే అనిపించి, కాసేపు లేవబుద్ధి కాలేదు.

శౌరమ్మ నా మణికట్టు పట్టి చూసింది.

"విరగలేదు, బెణికింది. నేను కట్టు కట్టేవాళ్లంతా ఒకటే మాట చెప్తారు బాబాయ్, మాకు అలవాటేనండీ అని."

పిల్ల ఆశ నా వల్లే పోయిందనుకున్నాను.

"నన్ను చూసి దానికి మార్కులు వెయ్యకమ్మా," అన్నాను. "దిగింది అది. దిగనిది నేను."

శౌరమ్మ తన చున్నీతో నా చేతికి కట్టు కట్టింది. ముడి బిగించింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"తాతని నేను బండి మీద తీసుకొస్తాను. నువ్వు స్కూలు దాకా పోయి రా."

"ఒక్కదాన్నేనా అమ్మా?"

"సోమవారం నీతో ఎవరొస్తారే?"

ఏంజెల్ వడ్లు దాటేదాకా నడిచి, అప్పుడు ఎక్కింది. నా సైకిల్ని గట్టున చెట్టుకు ఆనించి, నేను స్కూటరు వెనక కూర్చున్నాను. కొంతదూరం శౌరమ్మ పిల్ల వెనకే నడిపింది. తర్వాత వేగం తగ్గించింది, ఇంకా తగ్గించింది. మంచులో ఏంజెల్ ముందు నీడగా, తర్వాత చుక్కగా మారింది. అప్పుడు శౌరమ్మ బండి ఆపి, ఇంటివైపు తిప్పింది.